హౌసింగు మీద పసుపు

మీరు రోజూ ఎక్కే బస్సు కిందికి ఒక్కసారైనా వంగి చూశారా? ముందు కట్టిన నిమ్మకాయలు చూసి ఉంటారు. డ్రైవరు తల మీది పటానికి దండం కూడా పెట్టి ఉంటారు. కానీ వెనక చక్రం లోపలివైపు నేల మీద నల్లగా, చిక్కగా పడే చుక్కను చూసి ఉండరు. మా అన్న కుడిచేతి వేళ్ళు ఆ చుక్కకు పోయాయి.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్ళూ నేను అక్కడ ఒక రిపేరు షెడ్డులో పనిచేశాను. పగలు స్పానర్లు, సాయంకాలం చర్చాసభలు. దేవుడు ఉన్నాడా లేడా అని బల్లలు గుద్ది వాదించేవాళ్ళం. ఎవరికీ జంకనివాడినని నాకు పేరు. మా అన్న కడపలో ఒక సావుకారి బస్సు నడిపేవాడు. రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాటు దిగి కడపకు, పండగ రోజుల్లో ఒంటిమిట్ట దాకా. యుద్ధం ముగిశాక వేలంలో కొన్న మిలిటరీ లారీ అది. దాని మీద చెక్క బాడీ కట్టి బస్సు అన్నారు. కొన్ననాటి నుంచి దానికి జరిగిన సేవల్లా ఏటా ఒక ఆయుధపూజ.

శ్రీరామనవమికి వారం ముందు అన్నను చూడడానికి పోయాను. బస్సు వెనక ఎడమ చక్రం లోపల గేరు ఆయిలు జిగటగా దిగుతోంది.

"ఎన్నాళ్ళనుంచి కారుతాండాది?" అన్నాను.

అన్న నవ్వాడు. "కారుతాంటే లోపల ఆయిలు ఉండాదని గదరా అర్థం. కారడం మానినపొద్దు భయపడాల."

కండక్టరు బీడీ నోట్లోంచి తీశాడు. "సభల్లో మనుషులు చాలక మీ తమ్ముడు బండితో వాదం పెట్టుకున్న్యాడప్పా!"

నేను కిందికి దూరాను. రెండు వెనక చక్రాల నడుమ ఇరుసు కుండలా ఉబ్బి ఉంటుంది. అందులో పళ్ళచక్రాలు గేరాయిల్లో మునిగి తిరుగుతాయి. మేము దాన్ని హౌసింగు అంటాం. సావుకారి ఇంట్లో దాన్ని కలశం అనేవాళ్ళు! ఆయుధపూజనాడు దానికి పసుపు ముద్దలు మెత్తి కుంకుమ పెట్టాలి. తర్వాత తుడవకూడదు. మరుసటి ఏడు దాని మీదే మళ్ళీ మెత్తాలి. అలా ఏళ్ళ పసుపు, దుమ్ము, నూనె కలిసి ఇటుకలా గట్టిపడింది. ఆ ఇటుక కింద, హౌసింగు నెత్తిన, కందిగింజంత రంధ్రం ఉంటుంది. బండి పరుగెత్తినప్పుడు లోపల వేడెక్కిన గాలి అందులోంచి పోవాలి. దారి మూసుకుపోతే ఆ గాలి నూనెను నెడుతుంది. నూనె ఇరుసు చివర దాన్ని ఆపే తోలు సీలును దాటి బ్రేకు మీద పడుతుంది. నూనె తాగిన బ్రేకు పట్టదు. ఇంతే. ఇందులో దేవుడికీ పని లేదు, దెయ్యానికీ పని లేదు.

ఉలి తీసుకుని గీకడం మొదలుపెట్టాను. పసుపు పెచ్చులు నేల మీద రాలాయి. అంతలో ఎవరో నా కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు.

"కలశాన్ని గీకుతాండావా, నా కొడకా!" సావుకారు ఇంజను తిప్పే కమ్మీతో నా వీపు మీద కొట్టాడు. అది మొదటి దెబ్బ. రెండోది మా అన్నది. "నాకు కూడు పెడుతాండాదిరా ఈ బండి! దీని మీదనా నీ వాదాలు?" అని నోటి మీద గుద్దాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. నేను ఉమ్మిన పన్ను పసుపు పెచ్చుల్లో పడింది. ఆ తర్వాత అన్నే కొత్త పసుపు పిసికి, గీకినచోట రెండింతలు మెత్తాడు.

సావుకారు ఒక షరతు పెట్టాడు. నవమినాడు నేను అదే బస్సులో ఒంటిమిట్టకు పోయి, గుడి ముందు సాగిలపడి తప్పు ఒప్పుకోవాలి. లేకపోతే అన్నకు పని లేదు. నేను ఒప్పుకున్నాను. బ్రేకు సంగతి మాత్రం ఎత్తలేదు. పెదవి వాచింది కదా, ఎట్లా మాట్లాడేది అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. భయపడ్డాను.

నవమినాడు రాయచోటిలో బయల్దేరిన బస్సు నిండా జనం. నేను అన్న వెనక సీట్లో కూర్చున్నాను. ఘాటు మూడో మలుపులో అన్న బ్రేకు తొక్కాడు. కుడి చక్రం పట్టింది, ఎడమది జారింది. బస్సు కుడికి తల విసిరి, ఎదురుగా వస్తున్న ఎద్దులబండిని తొక్కి, కొండకు గుద్దుకుంది. ముందు చక్రం కింద ఒక ఎద్దు నడుము నలిగి రంకె వేసింది. ఆ రంకె ఎంతకూ ఆగలేదు. జనం పుచ్చకాయల్లా ఒకరి మీద ఒకరు దొర్లారు. తలలు పగిలాయి.

మనుషులెవరూ చావలేదు. అందుకే కొట్టడానికి వాళ్ళకు ఓపిక మిగిలింది.

అన్నను కిటికీలోంచి లాగారు. "తాగి తోల్తాండావేమప్పా?" అని ఒకడు, "పిల్లోల్లుండారు గదరా లోపల!" అని ఇంకొకడు. చెప్పులు, కట్టెలు, రాళ్ళు. "ఈ చేత్తోనే గదా తిప్పింది!" అంటూ ఒకడు అన్న కుడిచేతిని మడ్‌గార్డు మీద ఆనించి బండరాయితో మోదాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. డ్రైవరును కాపాడాలని కండక్టరు అరిచాడు: "వాన్ని కాదప్పా! వాని తమ్ముడు పసుపు గీకినాడు, ఆ పాపం ఇది!" అప్పుడు వాళ్ళు నా మీద పడ్డారు. పడ్డవాళ్ళలో ఒక్కడు కూడా ఆ చక్రం వైపు చూడలేదు.

ఆసుపత్రిలో అన్నకు నాలుగు వేళ్ళు తీసేశారు. మూడు వారాలు నేను పోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నా పాపమే తనకు తగిలిందని ఆయన నమ్మకం. ఒకరోజు బతిమాలి ఆ బస్సు దగ్గరికి తీసుకుపోయాను. ఎడమ చక్రంలో బ్రేకును కప్పే డ్రమ్ము ఊడదీస్తే లోపల బ్రేకు నూనెలో నాని మెరుస్తోంది. కిందికి దూరి పసుపు పగలగొట్టి, రంధ్రంలో బిరడాలా బిగిసిన ముక్కను మేకుతో పెకలించాను. ఆ ముక్కను ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, గాలి సంగతి, నూనె సంగతి చెప్పాను.

అన్న దాన్ని బొటనవేలితో దొర్లించి చూశాడు. తర్వాత అదే చేత్తో నా చెంప పగలగొట్టాడు.

"ఇదంతా నీకు ముందే తెలుసు. తెలిసీ నా ఎనక సీట్లో కూసున్న్యావు. ఒక పన్ను పోతే నోరే పోతాదంట్రా?"

ఆ తర్వాత ఎన్నో సభల్లో గెలిచాను. ఆ ఒక్క వాదంలో మాత్రం అన్నే గెలిచాడు.

ఇది చదివి తల ఊపి ఊరుకోకండి. రేపు బస్సు ఎక్కే ముందు వంగండి. చక్రం కింద చుక్క కనిపిస్తే డ్రైవరును ఆపండి. హౌసింగు మీద పసుపు ఉంటే మీ చేత్తో గీకి పారేయండి. కొడతారు. పన్ను ఊడితే ఉమ్మేసి, లేచి, మళ్ళీ గీకండి!