వెనక్కి తిప్పి చూసే మనిషి

పోయిన ఆదివారం పొద్దున నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంటే మా కోడలు ఫోను తెచ్చి చేతికిచ్చి, హైదరాబాదు నుంచి ఎవరో మీతోనే మాట్లాడాలంటున్నారని చెప్పి అక్కడే నిలబడింది. అవతలి గొంతు పిన్నీ అని పిలిచేసరికి, నన్నలా పిలిచినవాళ్ళు ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరూ లేరు కాబట్టి, ఎవరో వెంటనే తెలిసిపోయింది. వాళ్ళమ్మ పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకం నాటికి ఆవిడ స్నేహితుల చేత తలా ఒక పేజీ రాయించి చిన్న పుస్తకం వేయిస్తున్నారట. మా పాత వీధిలో ఇంకా ఉన్నవాళ్ళను పట్టుకుని నా నంబరు సంపాదించిందట. "పిచ్చి బొంతల రోజుల గురించి మీరే రాయాలి పిన్నీ, అమ్మ గురించి నాలుగు మంచి మాటలు" అంది. ఆ క్షణాన నా నోటిదాకా వచ్చిన మాటలు నాలుగు కంటే ఎక్కువే గాని వాటిలో మంచివి లేవు. కోడలు ఎదురుగా ఉండబట్టి సరేనన్నాను.

ఆవిడ ఎవరో తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచీ చెబుతాను. తొంభైల మొదట్లో మేము మద్రాసు తొండియార్‌పేటలో ఉండేవాళ్ళం. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ ఊరు వచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే అరవం, మాకు రెండింటికీ తేడా తెలిసేది కాదు. ఆవిడ తెనాలి వైపు నుంచి వచ్చింది. భర్త సినిమా కంపెనీలకు దుస్తులు కుట్టే టైలరు, స్టూడియోలున్న కోడంబాకంలో ఇల్లు కుదరక మా వీధి చివరి వాటాలో దిగారు. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను వదినా అనేది. చివరిదాకా ఏ వరసో తేల్చుకోనే లేదు.

మా వీధిలోనే, కాన్వెంటు బడిలో కుట్టుపని నేర్పి రిటైరైన ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ నేర్పినదాన్ని ఇంగ్లీషులో క్రేజీ క్విల్ట్ అంటారు, మేము పిచ్చి బొంత అనుకున్నాం. మన ఈడువాళ్ళకు బొంత అంటే చెప్పనక్కర్లేదు, పాత చీరలు మడతలు పరిచి నిలువునా కుట్టుకుంటూ పోవడమే. ఇది అలా కాదు. అడుగున పాత పంచె పరిచి, దాని మీద పట్టు, మఖమలు, సాటిను, ఏ ముక్క దొరికితే ఆ ముక్క, కొలత లేకుండా, ఏ రెండూ ఒక్కలా లేకుండా అడ్డదిడ్డంగా అతికి, అతుకు కనబడే ప్రతిచోటా రంగు దారంతో గొలుసు కుట్టో, ఈక కుట్టో వేసుకుంటూ పోవాలి. చూసేవాళ్ళకు పిచ్చి పనిగానే ఉండేది, మా మగవాళ్ళు పిచ్చి సంఘం మీటింగా ఇవాళ అని అడిగేవారు. గురువారం మధ్యాహ్నాలు, వంటిళ్ళు సర్దేసి, ఐదుగురం మా ఇంటి హాల్లో చేరేవాళ్ళం. బొంత ఎవరిదైనా అందులో ఐదిళ్ళ గుడ్డా ఉండాలి, ఐదుగురి చేతి కుట్టూ ఉండాలి. టీచరమ్మ పెట్టిన నియమం ఒక్కటే. ఒకసారి కుట్టినదాన్ని ఎవరూ విప్పకూడదు, కుట్టినవాళ్ళు కూడా. బాగా కుదరకపోతే దాని మీద ఇంకో పువ్వు కుట్టుకోవాలి గాని దారం లాగకూడదు.

వచ్చిన నెల తిరక్కుండానే ఆ సంఘానికి రాణి ఆవిడే అయింది. భర్త తెచ్చే సినిమా ముక్కలు అటువంటివి మరి, రాజుల అంగీల మఖమలూ, నాట్యాల పావడాల జరీ, తళుకులూ. మా జాకెట్టు ముక్కలు వాటి పక్కన వెలవెలబోయేవి. పైగా ఆవిడకో అలవాటు. ఎవరి పని చేతికిచ్చినా ముందువైపు చూసేది కాదు, చటుక్కున వెనక్కి తిప్పేది. ముందువైపు ఊరందరి కోసం, వెనకవైపే మనిషిది అనేది. నా పని తిప్పి చూసినప్పుడల్లా ఆ ముడులూ, దాటేసిన దారాలూ వేలితో ఒక్కొక్కటే చూపించి పెదవి విరిచేది. నేనేమైనా సలహా చెప్పబోయి "ఈడ కాదక్కా, ఆడ కుట్టాల" అంటే, "వదినా, కాస్త తెలుగులో చెబుదూ" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఇంత చెప్పాక అబద్ధం ఆడకూడదు గనక ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడతో కలిసి బస్సెక్కి టి. నగర్ వెళ్ళి, జాకెట్లు కుట్టే దుకాణాల మెట్ల దగ్గర గోనెసంచుల్లో కత్తిరింపు ముక్కలు ఏరుకుంటూ, కాగితప్పొట్లంలో సుండలు, అదే గుగ్గిళ్ళు, తింటూ గడిపిన మధ్యాహ్నాల్లో నేను సంతోషంగానే ఉన్నాను. వెనక్కి తిప్పితే సిగ్గుపడనక్కర్లేని ఈక కుట్టు నాకు వచ్చిందంటే అది ఆవిడ పోరు పడబట్టే. అందుకే తరవాత జరిగింది నాకు మరీ మంట.

ఆ రోజుల్లోనే మా అమ్మ పోయింది. ఆవిడకున్న ఒకే ఒక్క పట్టుచీర, చిలకపచ్చ రంగుది, నాకు వచ్చింది. నా చిన్నప్పుడు శుక్రవారం సాంబ్రాణి వేస్తుండగా నిప్పురవ్వ పడి ఆ చీర కుచ్చిళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత కాలింది. బయట రఫూకిస్తే ఎలా చేస్తారోనని అమ్మ నమ్మలేదు. చీర లోపలి అంచు మడతలోంచి దారాలు తీసి, పడుగూ పేకా అల్లినట్టు ఒక్కొక్క పోగూ అల్లి, పది పన్నెండు మధ్యాహ్నాలు కూర్చుని తానే రఫూ చేసింది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేను. ముందు చూసినా వెనక చూసినా ఒక్కలా ఉండేది. చీర రంగు అప్పటికే వెలిసింది గాని మడతలో దాగిన దారాలు వెలవలేదు కదా, అందువల్ల అక్కడ మాత్రం ముదురు పచ్చగా ఒక చుక్క మిగిలింది. మా అమ్మకు చదువు రాదు. ఆవిడ రాసిన ఉత్తరం ముక్క నా దగ్గర లేదు. ఆవిడ చేత్తో చేసినదని చూపించడానికి నాకున్నది ఆ చుక్క ఒక్కటే.

చీర మడతల్లో చిరుగుతూ ఉండేసరికి, ఆ రఫూ ముక్కను నా బొంత నడిమధ్యన కుట్టుకుందామని ఒక గురువారం పెట్టెలోంచి తీసి హాల్లో పెట్టాను. అందరికీ కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ కత్తెర పట్టుకుని కూర్చుంది, చీర ముక్కలై ఉంది. కంటి కొలతతో కత్తిరించడంలో ఆవిడకున్నంత ఒడుపు ఎవరికీ లేదు గనక మా అందరి గుడ్డలూ ఆవిడే కత్తిరించేది, అందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను ముక్కలన్నీ వెతికాను. రఫూ లేదు. అడిగితే, తలెత్తకుండా, "ఆ మరక ముక్కా? చెత్తలో వేసి ఎత్తించేశాను వదినా. మంచి పట్టంతా మిగిలింది కదా" అంది.

అది మా అమ్మ చేత్తో చేసిన రఫూ అని అరిచి, చేతిలో గ్లాసుల పళ్ళెం అక్కడే పెట్టేసి వీధిలోకి పరిగెత్తాను. మలుపు దగ్గరి కుప్పతొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. చేపల పొలుసులు, కుళ్ళిన అరటాకులు, ఏదీ వదల్లేదు. తెలిసినవాళ్ళంతా చూస్తున్నారు. ఆవిడ మా గుమ్మంలో నిలబడి చూసింది. రాలేదు. మర్నాడు మా పనిమనిషిని నిలదీస్తే, "నేను నిన్న మద్యానం కుప్పే ఎత్తలేదుమా" అంది పాపం. భయపడి బొంకుతోందనుకుని దాన్నీ తిట్టాను.

ఆ వారమంతా కూర్చుని నా బొంతలో ఆవిడ చేతి కుట్టు ఉన్న మూలను విప్పాను. మెరూన్ మఖమలు మీద నెమలి ఈకలు కుట్టింది, ఎంత బాగా కుట్టిందో విప్పుతున్నప్పుడే తెలిసింది. మరుసటి గురువారం ఆ ముక్కలూ దారాలూ కాగితం కవర్లో వేసి అందరి ముందూ ఆవిడ ఒళ్ళో పెట్టాను. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. గుడ్డ కత్తిరించినావిడ కంటే కుట్టు విప్పిన నేనే ఎక్కువ తప్పు చేసినట్టు అందరూ నన్నే చూశారు. మళ్ళీ గురువారం ఎవరూ రాలేదు. సినిమాలన్నీ హైదరాబాదుకు తరలిపోతున్న రోజులవి, ఏడాది తిరక్కుండానే వాళ్ళూ సామాను లారీకి ఎక్కించారు. లారీ మా ఇంటి ముందు నుంచి పోతుంటే నేను కిటికీ తలుపు వేసుకున్నాను. తెలియక చేసింది, తెలిశాకైనా తప్పయింది అనలేదు, అహంకారి అని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఫోను వచ్చిన సాయంత్రం ఆ అమ్మాయి పుస్తకం అట్ట మీదికని ఒక బొమ్మ పంపింది. వాళ్ళమ్మ మంచం మీద పరిచిన బొంత, హైదరాబాదు వెళ్ళాక తన కోసం కుట్టుకున్నదట. మా కోడలు రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. మఖమలు, జరీ, తళుకులు, ప్రతి ముక్క మీదా ఊపిరాడనంత పనితనం. నడిమధ్యన మాత్రం చిలకపచ్చ ముక్క ఒకటి, దాని మీద ఒక్క కుట్టు లేదు. అందులో రూపాయి బిళ్ళంత ముదురు చుక్క.

పసిపిల్లల జుబ్బా చేతికిచ్చినా వెనక్కి తిప్పి చూసే మనిషి, మా అమ్మ రఫూను తిప్పి చూడకుండా కత్తెర పెట్టి ఉంటుందా? ఇంత చిన్న సంగతి నాకు ముప్ఫై ఏళ్ళు తట్టలేదు. తిప్పింది, చూసింది. అదేమిటో ఆ హాల్లో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను కుప్పతొట్టిలో చేతులు పెట్టి వెతుకుతుంటే, అది తన సంచిలో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ అహంకారి కాదు, దొంగ.

వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేశాను. ఆ పచ్చ ముక్క సంగతి ఏమిటని మామూలుగా అడిగాను. "అది మీరు అమ్మకు ప్రేమగా ఇచ్చిందే కదా పిన్నీ" అంది సంబరంగా. ఎవరు ఇంటికొచ్చినా బొంత పరిచి, ఇది మా మద్రాసు వదిన వాళ్ళమ్మ చేతిపని, దీని మీద కుట్టు వేసేంతటిదాన్ని కాదు నేను అని చెప్పేదట. ఆఖరి రోజుల్లో ఆ ముక్క మీద చెయ్యి వేసుకునే పడుకునేదట. ప్రేమగా ఇచ్చానట! అది దొంగసొమ్మని అప్పుడే చెప్పేయాలన్నంత కోపం వచ్చింది. అదే సమయంలో, అది ఎక్కడా కుళ్ళిపోలేదు, చెక్కు చెదరకుండా ఉంది అని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటే అయి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అడిగితే ఆ పిల్ల కాదనదు. కాని ఆ ముక్క నాకు రావాలంటే దాని చుట్టూ ఆవిడ వేసిన ఈక కుట్టు విప్పాలి. ఒకసారి విప్పాను. నా పెట్టెలో ఉన్న బొంత మూలన ఇప్పటికీ బోసి పంచె కనబడుతూనే ఉంది, నేనెప్పుడూ దాని మీద ఇంకో ముక్క వేయలేకపోయాను. మళ్ళీ ఆ పని చేయను, ఎవరి చేతా చేయించను.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ కప్పుకునేవి దుకాణంలో సంచీలో వచ్చే దుప్పట్లు. మెత్తగానే ఉంటాయి, చిరిగితే పారేస్తారు, జానెడు గుడ్డ ముక్క కోసం వీధిన పడి దెబ్బలాడుకునే అవసరం ఎవరికీ రాదు. నేను ఇంకా అప్పుడప్పుడు చేతిరుమాళ్ళ మీద పూలు కుడతాను. చాలా బాగుందండీ అని మా కోడలు ముందువైపు చూసి బల్ల మీద పెట్టేస్తుంది. కుట్టడం అవగానే వెనక్కి తిప్పి ముడులు ఉన్నాయో లేదో చూసుకునేది నేనొక్కదాన్నే, అలా చూసుకున్నప్పుడల్లా ఆ పాడు మనిషే గుర్తొస్తుంది.

అమ్మాయీ, నువ్వడిగిన పేజీ ఇదే. మంచి మాటలు నాలుగు ఉన్నాయో లేదో నువ్వే లెక్క చూసుకో. దొంగ అన్న మాట ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం గాని, తీసేస్తే మాత్రం మొత్తం పేజీ తీసెయ్యి. ఇంకొక్క మాట. ఆ బొంతను ఎప్పుడూ ఎండలో ఆరేయకమ్మా. మా అమ్మ వేసిన దారాలు ఇంకా వెలవలేదు.