త్యాగరాజు గారి చదివింపుల మైకు

"ఏవయ్యా, ఇంత చదువు చదివి, ఇస్త్రీ చొక్కా ఏసుకుని, ఊరూరా తిరిగి అడుక్కోడమేనా నీ ఉజ్జోగం?"

కనిగిరి దగ్గర మిరప పండించే కోటేశ్వరమ్మ పదేళ్ల కిందట నిండు సభలో త్యాగరాజు గారిని అడిగిన ప్రశ్న ఇది. ఇంకొకరైతే తల దించుకునేవారు. లేదా వ్యవసాయ పరిశోధన ఆవశ్యకత మీద ముప్పావుగంట దంచేవారు. త్యాగరాజు గారు మైకు దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని, "కనిగిరి వాస్తవ్యురాలు శ్రీమతి కోటేశ్వరమ్మ గారు చదివించినదీ... ప్రశ్న, ఒకటీ!" అని ప్రకటించి, నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆయనకున్నది ఆ ఒక్క జబ్బే. ఎవరు ఏమిచ్చినా సరే, పెళ్లిలో చదివింపులు చదివినట్టు, ఇచ్చినవారి ఊరూ పేరూ, ఇచ్చినదెంతో నలుగురికీ వినపడేలా చదవందే ఆయనకు ముద్ద దిగేది కాదు. బండి మీద ఎక్కించుకుని బస్టాండు దాకా దింపితే, దిగీ దిగగానే "పొదిలి వాస్తవ్యులు మరియదాసు గారు, లిఫ్టు, రెండు కిలోమీటర్లు!" అనేవారు. బస్టాండులో జనం వెనక్కి తిరిగి చూసేవారు. మరియదాసు బండి వదిలేసి పారిపోదామా అన్నట్టు చూసేవాడు.

ఇంట్లోనూ ఇంతేనా అని ఆయన భార్య రాగసుధ గారిని ఎవరో అడిగితే, "ఇంట్లో ఇంకా ఎక్కువ. కాఫీ ఇస్తే 'రాగసుధ గారు చదివించినదీ, కాఫీ, అర గ్లాసూ' అంటారు. ఆ 'అర' దగ్గర సాగదీస్తారు చూడండీ, అక్కడే ఒళ్లు మండుద్ది" అన్నారు.

ఆయన పనిచేసింది మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ వారి పొదిలి కేంద్రంలో. గది బయట బోర్డు మీద హోదా మూడు వరుసలుండేది: ప్రచారం, భాగస్వామ్యాలు, నిధుల సేకరణ. పురుగును తట్టుకునే మిరప, వాన మొహం చాటేసినా కాసే కంది ఎక్కడెక్కడి దేశాల ప్రయోగశాలల్లోనో తయారవుతాయి. అవి మన నేలలో నిలబడతాయో లేదో చూడటానికి మడులు కావాలి. మడులకు డబ్బు కావాలి. డబ్బుకు త్యాగరాజు గారు కావాలి.

ఆ సభలన్నిటికీ మైకు పెట్టినవాడు పొదిలి అక్బరు. ఆయన గురించి అక్బరుకు తెలిసినంత మరొకరికి తెలియదు, ఎందుకంటే ఆయన వల్ల అక్బరు పడినంత మరొకరు పడలేదు. ఆ పడ్డ సంగతికి తర్వాత వద్దాం. ముందు అక్బరు ఈనాటికీ తలచుకుని నవ్వుకునే రెండు ముక్కలు చెప్పాలి.

ఒకటి, కోల్డ్ స్టోరేజీ రామకాంత్ గారి ముక్క. గుంటూరు రోడ్డులో ఆయనకు రెండు కోల్డ్ స్టోరేజీలున్నాయి. సభకొచ్చి, రైతు దేశానికి వెన్నెముక అని అరగంట మాట్లాడి, ఐదొందల నోటు బల్ల మీద పెట్టారు. (వెన్నెముక గురించి మాట్లాడినవారెవరూ ఐదొందలు దాటిన దాఖలా ఆ నోటుబుక్కులో లేదు.) త్యాగరాజు గారు మైకందుకుని, "గుంటూరు వాస్తవ్యులు, రెండు కోల్డ్ స్టోరేజీల అధిపతి, శ్రీ రామకాంత్ గారు చదివించినదీ... ఐదూ..." అని ఆగారు. ఆగి, రామకాంత్ వైపు ప్రేమగా చూశారు. సభ మొత్తం చూసింది. ఒక క్షణం, రెండు క్షణాలు. "ఐదూ..." అన్నారు మళ్లీ.

"వేలయ్యా! వేలు! కానీయ్!" అని అరిచారు రామకాంత్.

"...వేల నూట పదహార్లు!" అని ముగించారు త్యాగరాజు గారు. ఆ నూట పదహార్లకు రామకాంత్ డ్రైవరు దగ్గర బదులు తీసుకోవాల్సి వచ్చింది.

రెండోది, ఈ నూట పదహార్ల ముక్కే. డెన్మార్కు నుంచి ఒక దాతల సంఘం ప్రతినిధి వచ్చారు. పెద్దావిడ. వాళ్ల దేశంలో ఇచ్చేవాళ్లు చప్పుడు కాకుండా ఇస్తారట. ఆవిడ ఒక కాగితం ఆయన చేతిలో పెట్టి, చెవిలో అంకె చెప్పి, నవ్వి కూర్చున్నారు. మరుక్షణం నాలుగు హారన్లూ దద్దరిల్లాయి: "డెన్మార్కు దేశ వాస్తవ్యులూ... ఇరవై లక్షల నూట పదహార్లూ!" ఆవిడ ఉలిక్కిపడి చేతిసంచీ జారవిడిచారు. ఆ నూట పదహార్లు ఆవిడ చెప్పలేదు. సున్నాతో ముగించడానికి త్యాగరాజు గారికి నోరు రాలేదంతే. నోరొక్కటే కాదు, చెయ్యీ రాలేదు. ఒప్పందం కాగితాల్లోనూ అలాగే రాశారు. నెల తర్వాత అక్కడి లెక్కల విభాగం నుంచి ఉత్తరం: "ఈ 116 ఏ ఖర్చు కింద చూపించారు?" త్యాగరాజు గారు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: "శుభం కింద." వాళ్లు నూట పదహారు రూపాయలు విడిగా పంపారు. దానికి బ్యాంకు రుసుము పద్నాలుగు వందలయింది.

ఇక అక్బరు పడ్డ సంగతి.

అక్బరు మైకు పెళ్లిళ్లలో మోగేది. ఉరుసులో మోగేది. ఎన్నికల్లో అయితే వద్దన్నా మోగేది. ఒక్క త్యాగరాజు గారి సభలో మాత్రం చదివింపుల మధ్యలో పుటుక్కున పోయేది. ఒకసారి కాదు, సభకు ఐదారుసార్లు. ఆయన మైకును తట్టేవారు, ఊదేవారు, ఆనక స్పీకర్ల దగ్గర నిలబడ్డ అక్బరు వైపు తిరిగి, ఒక్క చూపు చూసేవారు. కన్నతండ్రి ఫెయిలైన కొడుకును చూసే చూపు. సభంతా అటే తిరిగేది. అక్బరు పరుగెత్తుకొచ్చేలోగా మైకు దానంతటదే పలికేది.

వైర్లు మార్చాడు. యాంప్లిఫయరు మార్చాడు. ఒంగోలు నుంచి కొత్త మైకు తెచ్చాడు. జనరేటరుకు నిమ్మకాయ కట్టాడు. ఫలితం లేదు. "అక్బరు మైకులాగా మధ్యలో పోతావేందిరా?" అన్న సామెత పొదిలిలో పుట్టి, కనిగిరి దాకా పాకింది. పెళ్లిళ్ల బేరాలు ఒక్కొక్కటీ జారిపోయాయి. చివరికి మిగిలిన పెద్ద బేరం ఇమ్మానియేలు పాస్టరు గారి మూడు రోజుల కన్వెన్షను. అదీ పోతే షాపు మూసి, అద్దెకిచ్చే సామాను అమ్ముకోవడమే.

"నీ మీద కోపం లేదు అక్బరూ" అన్నారు పాస్టరు గారు. "కానీ వాక్యం మధ్యలో మైకు పోతే జనం దేవుణ్ణి అనరు, నన్నంటారు."

"ఒక్క ఛాన్సివ్వండి అయ్యగారూ. ఆదివారం మజ్జాన్నం త్యాగరాజు గారి సభ ఉంది. మీరే వచ్చి ముందు వరసలో కూర్చోండి. మైకు ఒక్కసారి పోయినా నన్ను పిలవబాకండి."

నల్ల తామర పురుగు మిరపతోటలను ఊడ్చుకుపోయిన ఏడాది అది. పురుగును తట్టుకునే రకాల మడులకు డెన్మార్కు వాళ్లు మళ్లీ డబ్బిస్తామన్నారు, ఒక షరతు మీద: మూడొందల ఇళ్లవాళ్లు ఎంతో కొంత వేయాలి. ఎంతన్నది వాళ్లకక్కర్లేదు, ఎందరన్నదే కావాలి. తోటలు పోయిన ఊళ్లలో మూడొందల ఇళ్లు! అయినా జనం వచ్చారు. షామియానా నిండింది. ముందు వరుసలో, చేతులు కట్టుకుని, ఇమ్మానియేలు గారు.

ఆ రోజు అక్బరు స్పీకర్ల దగ్గర నిలబడలేదు. వైర్లన్నీ వేదిక మీద త్యాగరాజు గారి బల్ల కిందే కలుస్తాయి గనక, సభ మొదలు కాకముందే దుప్పటి పరిచిన ఆ బల్ల కిందికి దూరి, స్విచ్చుల పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏ వైరు కదులుతుందో కళ్లారా చూడాలని.

వైరు కదలలేదు. కాసేపటికి ఒక కాలు కదిలింది. చదివింపుల దగ్గర చెప్పులేమిటని త్యాగరాజు గారు ఎప్పుడూ వాటిని విప్పేసి కూర్చునేవారు. ఆ ఉత్త కాలు, ఎడమది, మెల్లగా వచ్చింది. బొటనవేలు స్విచ్చును వెతుక్కుని, టిక్కుమని నొక్కింది. మైకు పోయింది.

అక్బరు నోరు తెరుచుకుని ఉండిపోయింది. పైన గొంతు మాత్రం ఆగలేదు. జనరేటరు మోతలో బల్ల అవతల ఎవరికీ వినపడదు గానీ, బల్ల కింద ఉన్నవాడికి వినపడింది.

"నలభయ్యా? బ్రహ్మాండం. ఏమ్మా రెబ్కా, మోకాలు నొప్పి తగ్గిందా?"

"యాడ తగ్గింది సార్. ఇంతే కుదిరింది, ఏమనుకోబాకండి. కౌలుకి తీసుకున్న తోటంతా పోయింది. నలుగురిలో చదువుతారని రాబుద్ది గాలా."

"చదవడానికి మైకేదమ్మా? అక్బరు మైకు సంగతి నీకు తెలీందేముంది! కాసేపలా నిలబడు. చదివినట్టు పెదాలాడిస్తా. మీది రెండొందల నలభై ఆరో ఇల్లు."

తొమ్మిదేళ్ల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది అక్బరుకు. దుప్పటి ఎత్తి తల బయట పెట్టాడు. నా మైకు బంగారమని ఊరందరికీ అరిచి చెప్పాలని నోరు తెరిచాడు.

"ఏం అక్బరూ, మళ్లీ పోయిందా?" ముందు వరుస నుంచి పాస్టరు గారు.

రెబ్కా అప్పుడే మెట్లు దిగుతోంది, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని. అంతకుముందు రెండు వేలు వేసి దిగినావిడ ఎలా దిగిందో, అలాగే తలెత్తుకుని దిగుతోంది. ఆమె వెనక ఇంకో పదీ పన్నెండు మంది, గుప్పిట్లు మూసుకుని, వరుసలో ఉన్నారు.

"లూజు కాంటాక్టు, అయ్యగారూ" అన్నాడు అక్బరు. అని, తల లోపలికి లాక్కున్నాడు.

మైకు మళ్లీ పలికింది. తర్వాత మనిషి రాగానే స్విచ్చు నొక్కి తనే ఆపాడు. అది తెలియని బొటనవేలు వచ్చి అతని వేళ్ల మీద దిగింది.

"అబ్బా!"

"ఎవరది?" కిందికి చూడకుండానే అడిగారు త్యాగరాజు గారు.

"నేన్సార్, అక్బర్ని."

"ఎంతసేపట్నుంచి ఉన్నావ్?"

"నలభై రూపాయల కాడ్నుంచి సార్."

కాలు వెనక్కి జరిగింది. "సరే" అన్నారాయన. "ఈ పన్నెండు మందీ అయ్యాక రామకాంత్ ఉన్నాడు. ఆయనకి మాత్రం ఆన్ చెయ్. సౌండు కూడా పెంచు."

ఆ సాయంత్రానికి మూడొందల నాలుగు ఇళ్లు తేలాయి. సామాను సర్దుతున్న అక్బరు దగ్గరికి త్యాగరాజు గారు వచ్చి, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి, "జిల్లా మొత్తానికి నీ అంత మంచి మైకు ఇంకోటి లేదు అక్బరూ" అన్నారు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలరని అక్బరుకు అప్పుడే తెలిసింది.

"ఆ ముక్క మైకులో చెప్పండి సార్!"

"చెప్తే రేపట్నుంచి రెబ్కా రాదు."

అక్బరు వైరు చుట్టుకుంటుంటే ఇమ్మానియేలు గారు వచ్చారు. అక్బరు తలెత్తలేదు, అడిగి తిట్టించుకోవడం ఎందుకని.

"దుప్పటి ఎత్తావు గదా" అన్నారు పాస్టరు గారు, "నీ తలకాయ వెనక ఆయన కాలు కూడా కనపడింది. రెబ్కా మా సంఘపు మనిషే. మా కన్వెన్షన్లో కూడా కానుకలు చదువుతారు. మూడు రోజులూ నువ్వే రా. కానీ ఆ టైములో మైకు ఇట్టాగే పోవాలి. పోకపోతే అద్దె ఇవ్వను."

త్యాగరాజు గారు నిరుడు రిటైరై సింగరాయకొండలో ఉంటున్నారు. ఇప్పుడు పొదిలి కేంద్రంలో సభలు లేవు, గోడకు క్యూఆర్ కోడ్ అంటించారు. ఎవరెంత వేసినా ఫోను టింగుమంటుంది. ఎవరి పేరూ ఎవరికీ వినపడదు. మడుల్లో మిరప మాత్రం బాగానే ఉంది. అక్బరు షాపూ బాగానే ఉంది; ఒంగోలు దాకా చర్చి సంఘాలవాళ్లు వచ్చి, ఆ లూజు కాంటాక్టు సెట్టే కావాలని అడిగి మరీ తీసుకుపోతున్నారు.

మైకు మధ్యలో ఆగిన సభకు అద్దె చెల్లించరాదని తామర పురుగు ఏడాదే సంస్థ నిబంధన పెట్టింది. ఆ కారణంగా ఆ ఆదివారం సభ మొదలుకుని మొత్తం ఏడు సభల అద్దె, పదహారు వేల ఎనిమిది వందలు, అక్బరుకు ఇంకా రావాలి.