మంగలంలో కాచిన ఇసుక

పోయిన నెల నెల్లూరులో డాక్టరమ్మ నా ఎడమకాలిని మోకాలి దగ్గర నొక్కగానే కెవ్వుమన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. డెబ్బై దాటిన నా భుజాలు అరిగిపోయాయి, ఇక చంకకర్ర మానేసి చక్రాల కుర్చీ ఎక్కమని చెబుతూ, మాటల్లో మాటగా, "పోలియో కాలి బలాన్నే తీసుకుపోతుంది తాతగారూ, స్పర్శ ఎక్కడికీ పోదు. మీ కాలికి మొదటినుంచీ అన్నీ తెలుస్తూనే ఉంటాయి" అన్నది. అది నాకు తెలియని సంగతేమీ కాదు, కాలు నాది గదా. కానీ చదువుకున్న మనిషి నోట విన్నప్పుడు మాత్రం, ఈ మాట వినకుండానే మా అవ్వ పోయింది, ఒక రకంగా మంచిదే అయింది అనిపించింది.

మాది సముద్రానికీ పులికాట్ సరస్సుకీ మధ్య ఇసుక మీద కట్టుకున్న పల్లె, సరస్సు అవతల దొరవారిసత్రం పోవాలంటే ముందు పడవ ఎక్కాలి. యాభై ఏడో, ఎనిమిదో, నాకు ఆరేళ్ళప్పుడు నాలుగు రోజులు జ్వరం కాసింది. జ్వరం పోతూ పోతూ ఎడమకాలిని కూడా పట్టుకుపోయింది. నాతోపాటే పుట్టిన కాలు నాకంటే ఇంత ముందుగా రిటైరైపోయిందని ఇప్పుడు నవ్వుతాను గానీ, అప్పుడు ఇంట్లో నవ్వే మనిషి లేడు. అమ్మ అంతకు ముందే పోయింది, నాయన వేటకు పోతే చీకటి పడితే గానీ ఒడ్డుకు రాడు, నన్ను సాకింది నాయనమ్మే. అవ్వ అని పిలిచేవాణ్ణి.

మన ఈడువాళ్ళు చూసే ఉంటారు, కాలు పడిపోయిన పిల్లలను మిట్టమధ్యాహ్నం ఒడ్డున గుంట తీసి నడుము దాకా పాతిపెట్టేవారు. నలభై రోజుల మండలం అలా చేస్తే ఇసుక వేడికి నరాలు లేచి కూర్చుంటాయని నమ్మకం. అవ్వ నన్ను చంకనేసుకుపోయి పాతి, తన కొంగు నా నెత్తిన కప్పి, ఎదురుగా కూర్చునేది. కదలని కాలికి నొప్పి తెలియదని పల్లెలో అందరిలాగే ఆమె కూడా అనుకునేది. మూడోరోజు నేను ఉన్నమాట చెప్పాను.

"మండతా ఉండాది అవ్వా."

"ఏ కాలురా అబ్బయ్యా?"

"రెండూను."

అంతే, అవ్వ ముఖం వెలిగిపోయింది. కాలికి ప్రాణం వస్తా ఉండాదని ఇంటింటికీ పోయి చెప్పింది. మరునాటినుంచి పల్లె ఆడవాళ్ళంతా నా గుంట చుట్టూ చేరి, ఏదీ, ఇంకోతూరి చెప్పు నాయనా అని అడిగేవారు, నేను వేషగాడిలా ముఖం వంకర్లు తిప్పి మరీ చెప్పేవాణ్ణి. మండుతుందని నేనన్నకొద్దీ అవ్వకు ఆశ పెరిగింది. ఎండకాగిన ఇసుకకే ఇంత గుణం కనిపిస్తే, పొయ్యిమీద కాచిన ఇసుకకు ఇంకెంత కనిపిస్తుందో అనుకున్నది.

బొరుగులు వేయించే మంగలంలో ఇసుక కాచి, నా మోకాలి మీద గుమ్మరించింది. నేను అరిచాను. ఆమె నా భుజాలు అదిమిపట్టి, "అరువు నాయనా, బాగా అరువు, వచ్చేసింది ప్రాణం" అంటూ సంతోషంతో ఏడ్చింది. ఇసుక దులిపేసరికి దానితోపాటు తోలు ఊడివచ్చింది.

పుండు మానేసరికి రెండు నెలలు పట్టింది, మోకాలు వంగినది వంగినట్టే అతుక్కుపోయింది. కర్ర ఊతంతో నిలబెట్టవచ్చేమో అనుకున్న కాలు ఇక నేలకు ఆనలేదు. బడి మూడో తరగతితో సరి. అవ్వ నాయనతో ఒక్క మాట అనిపించుకోలేదు, అదే ఆమెకు పెద్ద శిక్ష అయింది. రోజూ పొద్దున్నే నా మోకాలికి నూనె రాస్తూ, "నొప్పి ఉండాదా?" అని అడిగేది. ఉన్నదంటే తాను చేసిన పనికి కుమిలిపోతుంది, లేదంటే కాలు చచ్చిందని ఆశ వదులుకుంటుంది. ఏడేళ్ళవాడికి అంత తెలుస్తుందా అని మీరడగవచ్చు, నాకు తెలిసింది. "ఏం నొప్పి అవ్వా, అసలా కాలు నాదేనా? పక్కింటోళ్ళదేమో అడిగిరా" అనేవాణ్ణి. అవ్వ నవ్వేది. ఆ తరువాత నా నడక మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

వంగిన కాలు వృథా పోలేదు. దాని బొటనవేలికి వల తగిలించి లాగిపట్టి, చినిగిన వలకన్నులు అల్లడం నేర్చుకుని, పన్నెండేళ్ళకే పల్లె వలలన్నీ బాగుచేసేవాణ్ణి. నాకు పదిహేనేళ్ళప్పుడు అవ్వ మంచం పట్టింది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, మోకాలి మచ్చమీద చెయ్యి వేసి, "నిజం చెప్పరా, ఆ పొద్దు నీకు కాలిందా?" అన్నది. "ఏ పొద్దు అవ్వా?" అన్నాను, అలవాటైన ముఖం పెట్టి. ఈసారి ఆమె నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నది. మూడోరోజు పోయింది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

ఆ తరువాత ఎవరడిగినా నొప్పి లేదనే చెప్పాను, భుజాలు కూలిపోయేదాకా, కట్టుకున్న మనిషితో సహా అందరితోనూ. ఇప్పుడు కుర్చీ ఎక్కాను, ఎక్కడ నొప్పి అంటే వేలుపెట్టి చూపిస్తున్నాను, సుఖంగానే ఉంది. మా ఒడ్డున ఆ గుంటలు లేవు, కాలీడ్చుకుంటూ నడిచే పిల్లవాడు ఒక్కడూ కనబడడు, చుక్కలమందు పుణ్యమా అని అందరూ పరుగెత్తేవాళ్ళే. చూసి సంతోషిస్తాను. కానీ అవ్వ అడిగిన ఆరోజు, కాలింది అవ్వా, శానా కాలింది అని చెప్పి, ఆమె ఏడ్చినంతసేపూ పక్కన కూర్చుని ఉండాల్సింది.