ఇస్త్రీబల్ల దగ్గర చలి

అమ్మమ్మను వీధిలో అందరూ మడతమ్మ అంటారు. చొక్కా మడతపెట్టడంలో ఆమెకు సాటి లేరు. మడతపేచీ పెట్టడంలో అసలే లేరు. "చొక్కా చేతులు పొట్టయ్యాయే!" అని ఎవరన్నా వస్తే, "నీ చేతులే పొడుగు నాయనా, పోయి మీ అమ్మనడుగు" అని పంపించేస్తుంది.

ఆమె ఇస్త్రీబల్ల టైలర్ దుకాణం పక్కన, మెట్ల కింద ఉంటుంది. మెట్లెక్కితే ఆ రెండు దుకాణాలకూ కలిపి ఒకటే మరుగుదొడ్డి. దాని తాళంచెవి మాటిమాటికీ పోతోందని టైలర్ ఒక చెక్కముక్క కట్టాడు. ముక్కంటే ముక్క కాదు, రోకలికి తమ్ముడు. అది చేతబట్టి ఎవరు మెట్లెక్కినా, ఎందుకెళ్తున్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు. బట్టల కోసం నిలబడ్డ మగవాళ్ళ మధ్య నుంచి దాన్ని మోసుకెళ్ళడమంటే అమ్మమ్మకు తల కొట్టేసినట్టు ఉండేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది: నీళ్ళు తాగకపోవడం. పొద్దున నింపుకెళ్ళిన సీసా సాయంత్రానికి, చుట్టపుచూపుగా వెళ్ళొచ్చినట్టు, నిండుగా ఇంటికొచ్చేది.

ఒకరోజు టైలర్‌తో అంది, "ఎందుకో వేడి చేసింది తమ్ముడూ."

"పొద్దస్తమానం ఇస్త్రీపెట్టెతో కాపురం చేస్తూ, వేడి చెయ్యక చలి చేస్తుందా అక్కా?"

అమ్మమ్మ కూడా నవ్వేసింది. ఒంటికి వెళ్తే మంట. వెళ్ళొచ్చిన మరుక్షణమే మళ్ళీ వెళ్ళాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపులో నొప్పి. ఇన్నింటినీ ఆ ఒక్క 'వేడి'లో మడిచి పెట్టేసింది. ఇంట్లో కూతురు ఆ మాట విని పుచ్చకాయ తెచ్చింది. టైలరేమో తన దగ్గుకు వాడగా మిగిలిన మాత్రలు సొరుగులోంచి తీసిచ్చాడు. "మంచి పవరున్నవి అక్కా!" అమ్మమ్మ రెండు మింగింది. కాస్త నయమనిపించి మిగతావి దాచింది.

ఆ వారంలోనే, పంట్లాం మీద గీత తీస్తూ తీస్తూ వణికింది. కాలుతున్న ఇస్త్రీపెట్టె పక్కన నిలబడి పళ్ళు టకటకలాడించింది. నడుముకు కాస్త పైన ఒకపక్క పోటు, ఆపైన వాంతి. ఆమె జన్మలో మొదటిసారి గీత వంకరపోయింది. టైలర్ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. "నిజంగానే చలి చేసిందే అక్కా!" అంటూ కూతురికి ఫోన్ చేశాడు.

కూతురు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ అడిగింది, "ఏమైందమ్మా?"

"వేడి చేసిందండీ."

"ఎక్కడ?"

అమ్మమ్మ ముందు నుదురు చూపించింది. తర్వాత అరచెయ్యి చూపించింది. ఆ తర్వాత కిటికీ వైపు చూసింది.

"ఒంటికెళ్తే మంటా?"

మెల్లిగా తల ఊపింది.

"తల ఊపితే చాలదమ్మా. ఎప్పట్నుంచి, ఎట్లా ఉంది, ఏం మింగారు, అన్నీ చెప్పాలి."

అమ్మమ్మ మడత విప్పింది. విప్పాక ఇక ఆగలేదు, చెక్కముక్క కథ దాకా వచ్చింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ మూత్రం పరీక్షకు పంపింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షనమ్మా. అది కింద మూత్రాశయంలో ఉన్నప్పుడే మీరు వస్తే మాత్రలతో పోయేది. కిడ్నీ దాకా పాకింది. చలిజ్వరం, ఈ పోటు అందుకే. ఇంకా ఊరుకుంటే ప్రాణం మీదకొచ్చేది."

పుచ్చకాయతో సరిపెట్టినందుకు కూతురు తనను తానే తిట్టుకుంది. అమ్మమ్మకు మాత్రం సందేహం తీరలేదు. "మరి దగ్గు మాత్రలకు తగ్గలేదేంటండీ?"

"టైలర్ ఇంటి తాళంచెవి మీ ఇంటికి పడుతుందా? ఏ క్రిమికి ఏ మందో మేం చూసి ఇవ్వాలి. అసలు చాలా జలుబులకీ దగ్గులకీ ఆ యాంటీబయాటిక్ మాత్రలే అక్కర్లేదు. ఆయాసం వచ్చినా, జ్వరం దిగకపోయినా మాత్రం రావాలి. ఇక మీరు నీళ్ళు తాగండి, వస్తే ఆపుకోకండి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి."

"ఈ వయసులో కడుక్కోవడం నేర్పుతున్నారా!"

"మీరు మా అబ్బాయికి చొక్కా మడత నేర్పండి, చెల్లుకు చెల్లు."

ఆసుపత్రిలో ఉంచి మందు ఎక్కించాక, మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మంట పోగానే అమ్మమ్మ మడతపేచీ మొదలుపెట్టింది. "తగ్గిందిగా! మిగతావి దాచుదాం, మళ్ళీ వస్తే పనికొస్తాయి."

"అట్లాగైతే చొక్కాకు ఒక చెయ్యే ఇస్త్రీ చేసివ్వు అమ్మమ్మా," అంది మనవరాలు. "రెండోది మళ్ళీ వచ్చినప్పుడు చేద్దువు."

"దీని నోరు చూడు, అచ్చం నాదే!" అని గొణుక్కుంటూ మింగింది. చివరి మాత్ర దాకా గొణుగుడూ ఆగలేదు, మింగుడూ ఆగలేదు.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయింది. బల్ల ముందు నలుగురు మగవాళ్ళు బట్టల కోసం నిలబడి ఉన్నారు. అమ్మమ్మ సీసా వైపు చూసింది, మెట్ల వైపు చూసింది, ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపింది.

"తమ్ముడూ, ఆ చెక్క ఇటివ్వు."

టైలర్ గొంతు తగ్గించాడు. "దానికో సంచి కుట్టిస్తాను అక్కా, ఎవరికీ కనబడకుండా..."

"నువ్వు కుట్టేదాకా ఆగాలా?" చెక్కను గదలా భుజాన వేసుకుంది. "జరగండి నాయనా. మీ చొక్కాలు ఆగుతాయి, ఇది ఆగకూడదట."