బ్రస్సెల్స్ కమిటీలో ఎవరి మాట నెగ్గుద్ది?

నేను ఇంటర్‌తో ఆపేశా. దేశం దాటి వచ్చాక, కనాటా అనే ఊళ్ళో నాకు దొరికిన మొట్టమొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్. పిల్లలు హోంవర్క్ గురించి వాళ్ళలో వాళ్ళు చాట్ చేసుకునే యాప్ మాది. వాడేవాళ్ళు ఎక్కువగా యూరప్‌లోనే. అక్కడి అమ్మలు, నాన్నలు అడిగేవాటికి టైప్ చేసి జవాబివ్వడం నా పని. నాకంటూ ఒక డెస్కు, ఒక హెడ్‌సెట్టు! దానికే ఎంత మురిసిపోయానో.

ఒకరోజు మా ఓనర్ అందర్నీ కూర్చోబెట్టాడు. యూరప్‌లో కొత్త చట్టం వస్తోందంట. యాప్ వాడే ప్రతి ఒక్కరి వయసూ ఐడీతో చెక్ చెయ్యాలంట. పెద్ద కంపెనీలు ఎట్లాగో చేసుకుంటాయి. "మనలాంటి చిన్నవాళ్ళకి మినహాయింపు ఇవ్వకపోతే యూరప్ వదిలేయడమే," అన్నాడు. యూరప్ పోతే ముందు పోయేది నా డెస్కే. అందరూ నా వైపే చూశారు.

"అసలు ఇది ఎవరి చేతిలో ఉంది?" అని అడిగా.

"బ్రస్సెల్స్‌లో యూరప్ పార్లమెంట్ కమిటీ చేతిలో."

"కమిటీ అంటే చాలామంది కదా, అందులో ఎవరి చేతిలో?"

"అది తెలిస్తే నేనే వెళ్ళి కలిసేవాణ్ణి," అని నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి మామయ్యకి చెప్పా. విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చి, చలికి బయటికెళ్ళలేక సోఫాలోనే ఉంటున్నారు. ఆయన ఏ ఎలక్షన్లోనూ నిలబడలేదు గానీ, మండలంలో ఏ పనికి ఎవర్ని పట్టుకోవాలో అందరూ ఆయన్నే అడుగుతారు.

"అదెంత పనమ్మాయ్, టీవీలో పెట్టు. చూస్తే చెప్పేస్తా," అన్నారు.

కమిటీ మీటింగులు నెట్‌లో లైవ్ వస్తాయి. అక్కడి మధ్యాహ్నం మాకు పొద్దున. నేను ఆఫీసుకెళ్ళే ముందు ఇద్దరం ఉప్మా ప్లేట్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక పెద్దాయన బల్ల గుద్ది మరీ మాట్లాడేవాడు. ఇంగ్లీషులో వినిపించేది మాత్రం అనువాదం చేసే ఆవిడ గొంతు, నిద్రపుచ్చేంత మెల్లగా.

"ఆయన అంత అరుస్తుంటే ఈవిడేంటి జోలపాట పాడుతోంది?" అని మామయ్య పడీ పడీ నవ్వారు. ఆ పెద్దాయన చెప్పేవి నేను తెలుగులో చెప్పా. చిన్న కంపెనీల్ని బతకనివ్వండి అంటున్నాడు.

"అయితే ఈయనే మన మనిషి. ఆ ఊపు చూడు, ఈయన మాట కాదనే దమ్ము ఎవరికుంది? వెళ్ళి మీ ఓనర్‌కి ధైర్యం చెప్పు."

నేనూ వెళ్ళి ధైర్యం చెప్పేశా!

మధ్యలో ఒక సన్నటావిడ కనపడేది. పెద్దగా మాట్లాడదు. వేరే వేరే పార్టీలవాళ్ళు లేచొచ్చి ఆవిడ పక్కన వంగి ఏదో అడిగి పోతుంటారు. "క్లర్కు అయ్యుంటుందిలే," అన్నారు మామయ్య.

ఓటింగ్ రోజు అసలు ఏమీ అర్థం కాలేదు. ఛైర్మన్ నంబర్ చదువుతాడు, చేతులు లేస్తాయి, దిగుతాయి, ఇంకో నంబరు. అంతలో చిన్న కంపెనీల కోసం మా పెద్దాయన పెట్టిన సవరణ నంబరొచ్చింది. దానికి చెయ్యి కూడా ఎత్తమనలేదు. పడిపోయింది అని చదివేసి ముందుకెళ్ళిపోయారు.

"అయిపోయింది మామయ్యా," అన్నా.

"అదేంటి, ఓటుకి పెట్టకుండానే? ఎంత అన్యాయం!"

కళ్ళు తుడుచుకుంటూనే ఆఫీసుకెళ్ళా. ఓనర్ డోనట్ తింటున్నాడు, హాయిగా. పడిపోయిందని చెప్తే ఎగాదిగా చూశాడు. "పడిపోవడం మంచిదే కదా! అదే విషయం మీద అందరూ కలిసి రాజీగా రాసుకున్నది ముందే నెగ్గింది. అది నెగ్గితే మిగతావి వాటంతటవే పడిపోతాయి. చిన్న కంపెనీల మినహాయింపు ఆ రాజీలోనే ఉంది."

"ఆ రాజీ ఎవరు రాశారు?"

ఫోన్‌లో ఫొటో చూపించాడు. మా క్లర్కు!

ప్రతి చట్టానికీ ఒక సభ్యురాలికో సభ్యుడికో రాసే పని అప్పగిస్తారంట. మిగతా పార్టీలు తలా ఒకర్ని ఆ మనిషితో బేరమాడటానికి పెడతాయంట, వాళ్ళని షాడోలంటారంట. ఆవిడ దగ్గరికొచ్చి వంగేది వాళ్ళే. ఎవరికెంత ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో ఆవిడే చూసుకుంది. బల్ల గుద్దినాయన సవరణ పెట్టొచ్చు, మాట్లాడొచ్చు గానీ, ఆయనకి ఆ కమిటీలో ఓటు కూడా లేదంట.

సాయంత్రం మామయ్యకి అంతా చెప్పా. ఈలోపు ఆ పెద్దాయన తన వీడియో పెట్టాడు, ఇదంతా నా పోరాటం వల్లే అని. మామయ్య మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య, ఇక్కడ మాత్రం అచ్చం మనోళ్ళే!"

"మరి నా ఉద్యోగం ఉన్నట్టేనా?" అని అడిగా ఓనర్‌ని, మర్నాడు.

"పార్లమెంటువాళ్ళు ఇంకా యూరప్ దేశాల మంత్రులతో కూర్చోవాలి. అక్కడ మారొచ్చు. అప్పటిదాకా ఉన్నట్టే."

మంత్రుల్లో ఎవరి మాట నడుస్తుందో అడగబోయి, నోరు మూసుకుని డెస్కు దగ్గరికెళ్ళా. బెల్జియం నుంచి ఒక అమ్మ మెసేజ్ ఉంది: మీ యాప్ వచ్చే ఏడాది ఉంటుందా, మా పాప అడుగుతోంది, అని.

ఉంటుంది అని టైప్ చేశా. చెరిపేశా. ప్రస్తుతానికి ఉన్నామండీ, ఏమైనా మారితే మీకు ముందే చెప్తాం అని రాసి పంపించా.