ఖాడీ ఒడ్డున మావయ్య లాన్

మొన్న మా లంబాలైన్ ఇంటి పై వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి చాప పరిచి, "దేఖో ఆంటీ, ఎంత పచ్చగా ఉందో" అంటూ మురిసిపోతూ చూపించింది. నేను గుమ్మంలోనే చెప్పులు విప్పి దానిమీద కాలు పెట్టాను. అరికాలికి గుచ్చుకుంది. ప్లాస్టిక్‌దే కదా, చెప్పులెందుకు విప్పారని ఆ పిల్ల ఒకటే నవ్వు. ఏం చెప్పను? గడ్డి కనిపిస్తే చెప్పులు విప్పెయ్యడం మా మావయ్య పెట్టిన భయం. ఇన్నేళ్ళయినా పోలేదు.

మావయ్యంటే మా మేనత్త భర్త. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఓడెక్కి ఈ దీవులకి వచ్చి, తాపీపనితో మొదలుపెట్టి కాంట్రాక్టరయ్యాడు. తాటిచెట్టంత మనిషి. తను కట్టిన గుమ్మాలకే తన తల కొట్టుకునేది. ఊరవతల ఖాడీ ఒడ్డున, అంటే సముద్రపు పాయ పక్కన, పల్లంలో స్థలం కొని ఇల్లు కట్టాడు. ఈ దీవుల్లో నాలుగడుగుల నేల దొరికితే ఎవరైనా కొబ్బరో పోకో వేస్తారు. ఈయన గడ్డి వేశాడు. ఎక్కడో ఆఫీసర్ల బంగళాకి రిపేర్లు చేస్తూ వాళ్ళ లాన్ చూసి మనసు పారేసుకున్నాట్ట. పెద్ద గవర్నరొచ్చినా "చప్పల్ ఉతారో" అని వరండాలోంచి కేకేసే రకం. కూరకి రాదు, పువ్వు పుయ్యదు, పొద్దస్తమానం దానికే నీళ్ళు అని అత్త సణిగేది. ఆ లాన్‌కి సవతి అని పేరు పెట్టింది. మీ సవతిగారు కులాసాయేనా అని మేమూ వేళాకోళం చేసేవాళ్ళం.

ఆ డిసెంబరులో, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున భూమి ఊగింది. మావయ్య అప్పుడు కార్ నికోబార్‌లో క్వార్టర్ల పని మీద ఉన్నాడు. నేను ఊళ్ళో గోల్ ఘర్‌లో ఉండేదాన్ని. అత్త ఒక్కతే ఉందని పరిగెత్తాను. పానీ ఆ రహా హై అని అరుస్తూ జనం ఎదురొస్తున్నారు. నీళ్ళు రావడమేమిటో నాకు బోధపడలేదు. సునామీ అనే మాటే అంతకుముందు మేమెవరం వినలేదు. నీళ్ళు తగ్గి నేను గేటు దాకా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. మావయ్య లాన్ మీద చేపలు కొట్టుకుంటున్నాయి. ఎవరిదో పడవ తెడ్డు, ఎవరి వంటింటిదో కుక్కరు, బురద, వాటి మధ్య చేపలు. అత్త తడిసిన చీరతో మేడమెట్ల మీద కూర్చుని ఉంది. బతికే ఉందన్న సంతోషం కూడా నాకు వెంటనే తట్టలేదు. ఆ చేపలనే చూస్తూ అత్త, "మీ మావయ్య చూస్తే ఊరుకుంటాడేటే?" అంది. కార్ నికోబార్‌లో ఏం జరిగిందో అప్పటికి మా ఇద్దరికీ తెలీదు.

తరవాత నికోబార్ నుంచి ఓడలు మనుషుల్ని తెచ్చి దింపుతుంటే జెట్టీ దగ్గర పడిగాపులు కాశాం. మావయ్య దగ్గర పనిచేసిన మేస్త్రీ ఒకడు దిగాడు. నీళ్ళు తీశాక అక్కడ క్వార్టర్లూ లేవు, పునాదులూ లేవు, భయ్యాని ఎవరూ చూడలేదన్నాడు. నాకు విషయం అర్థమైపోయింది. అత్త మాత్రం, చూడలేదన్నాడు గాని పోయాడనలేదు కదా అని ఆ మాటనే పట్టుకుంది. ఓడ వచ్చిందంటే జెట్టీకి, లేదంటే లాన్‌కి. అంతే ఇక ఆవిడ లోకం.

ఉప్పునీళ్ళు తాగిన గడ్డి నెల తిరక్కుండా ఎండి, లాన్ బట్టతల అయిపోయింది. ఆయన వచ్చేసరికి దీన్ని బాగుచెయ్యాలి అని అత్త నన్ను ప్రతి ఆదివారం పిలిచేది. విరిగిన క్రోటన్లు కొట్టేశాం, కంచె నిలబెట్టాం, చచ్చిన గడ్డి గీకేశాం. గుంటలు పూడ్చాలి కదా, పెరట్లో మావయ్య పనికని పోయించిన ఇసుక గుట్టుంటే అదే ఎత్తి పోశాం. అది సముద్రపు ఇసుక! ఈ దీవుల్లో కాంట్రాక్టర్ ఇంట్లో అంతకన్నా ఏముంటుంది? సముద్రం చంపిన గడ్డికి సముద్రపు ఇసుకతోనే వైద్యం చేశామన్నమాట. నాటిన పిలకలన్నీ మాడిపోయాయి. అదంతా మళ్ళీ ఎత్తిపోసి, వానలకి ఉప్పు కడిగిపోయేదాకా ఆగి, షాదీపూర్‌లో తెలిసినవాళ్ళ మెరక నుంచి మట్టి, పేడ తెచ్చి, దూబ్ పిలకలు, అదే మన గరిక, ఒక్కొక్కటే గుచ్చాం. సవతి అన్న నోటితోనే అత్త వాటిని "నా తల్లే, బతకండే" అని బతిమాలేది. కార్తీకం వచ్చేసరికి లాన్ నిండింది. తీగలు ఒకదానిమీద ఒకటి పడి మూరల కొద్దీ పాకాయి.

అప్పుడే మావయ్య తమ్ముడు వైజాగ్‌లో ఓడెక్కి వచ్చాడు. అత్తకి పిల్లల్లేరు, కర్మ చెయ్యాల్సింది ఆయనే. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి, అదే మనిషనుకుని దహనం చేస్తారు కదా, అది చేయిద్దామన్నాడు. అన్నయ్య ఎన్నాళ్ళలా దిక్కులేకుండా తిరుగుతాడు వదినా అని ఏడ్చాడు కూడా. అత్త వెళ్ళి లాన్‌లో కలుపు తీస్తూ కూర్చుంది. బొమ్మ కాలిందంటే ఇక జెట్టీకి వెళ్ళడానికి ఆవిడకి ఏ ఆశా మిగలదు. అది మా అందరికీ తెలుసు. అయినా పంతులుగారిని పిలిచి రోజు పెట్టుకున్నాం.

పంతులుగారి దగ్గరున్న దర్భలు కొంచెమే. వాటితోనే చిన్న బొమ్మ కట్టి పెరట్లో అరిటాకు మీద పడుకోబెట్టారు. అత్త వరండాలోకి వచ్చింది. కళ్ళు తిరిగి పడిపోతుందేమో, అందరినీ పొమ్మంటుందేమో అని దగ్గరికి జరిగాను. వంగి బొమ్మని చూసింది.

"మీ అన్న మూరెడు మనిషా బాబూ?" అంది.

అత్త మెట్లు దిగి, లాన్ నడిమధ్య చతికిలబడి, రెండు చేతులతో గడ్డి పీకడం మొదలుపెట్టింది. మేం ఒక్కొక్కటే గుచ్చిన పిలకలు, మట్టితో సహా. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది. అంత బలం ఆవిడలో ఉందని నాకు తెలీదు. పీకిందంతా కొంగులో పోసుకుని వచ్చి పంతులుగారి ముందు కుమ్మరించింది.

"కాళ్ళు పొడుగు చెయ్యండి. ఆయనవి పొడుగు కాళ్ళు."

ఇది దర్భ కాదమ్మా అనబోయి పంతులుగారు ఆగిపోయారు. మరిది ఆ గరిక తీగలు తీసుకుని బొమ్మకి ముడేశాడు. కళ్ళు తుడుచుకుంటూ అత్త చాలన్నదాకా కడుతూనే ఉన్నాడు. అరిటాకు సరిపోక ఇంకోటి వేశారు. పచ్చి గడ్డి ఓ పట్టాన అంటుకోలేదు. నెయ్యి పోసినా, కర్పూరం వేసినా పొగే. ఎట్టకేలకు మంట లేచింది. అత్త లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ మళ్ళీ జెట్టీకి వెళ్ళలేదు. లాన్ నడుమ అత్త పీకిన మేర మట్టి తేలి బోసిపోయింది. నాలుగు పిలకలు తెచ్చి గుచ్చబోతే ఉండనీయమంది. ఉండనిచ్చాను. తరవాతి వానలు వెళ్ళాక పోయి చూద్దును కదా, గడ్డి దానంతటదే పాకి మూసుకుపోయింది. ఎక్కడ పీకిందో వంగి వంగి వెతికినా ఆనవాలు దొరకలేదు. సంతోషం రావలసింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఏమంత తొందరొచ్చిందని దీనికి అనుకున్నాను. నేలకి ఒక్క వానాకాలం సరిపోయింది, మాకే ఇన్నేళ్ళూ చాలడం లేదు.