ఎడమ వైపు ఇత్తడి మర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆస్తి తరిగింది గాని, తలెత్తి నడవడం తరగలేదు. మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతయ్య గుర్రం దిగకుండానే అర్జీలు వినేవారు. ఆయన తర్వాత మాకు దక్కినవి కోకాపేటలో ఇల్లు, గండిపేట చెరువులో ఒక చిన్న తెరచాప పడవ. దాన్ని మా మేనత్త నడిపేది. నాకప్పుడు పదేళ్లు. ఈత రాదు.

తెరచాప కొయ్య నిలబడాలంటే దానికి రెండు పక్కలా ఇనుప తీగలు ఉండాలి. వాటిని కింద బిగించే మరలు తుప్పు పట్టడంతో కొత్తవాటి కోసం బాలానగర్‌లో ఒక కార్ఖానాకు వెళ్లాం. మిస్త్రీ రెండు రకాలు చూపించాడు. ఒకటి మెరిసే ఇత్తడి మర. తిప్పినకొద్దీ తీగ బిగుస్తుంది. రెండోది వరుసగా చిల్లులున్న ఉక్కు పట్టీ. కావలసిన చిల్లులో చీల దూర్చడమే. ఆ పట్టీ నా కంటికి ఎడ్లబండి సామానులా కనిపించింది. నేను ఇత్తడిదే కావాలన్నాను.

"మర మంచిదే, చిన్న దొరసానీ. కాని జర చిల్లు పొడిచి తీగ కట్టాలె. లేకుంటే ఊగి ఊగి అదే విప్పుకుంటది," అన్నాడు మిస్త్రీ.

మా తాతయ్య పడవకు వేసే వస్తువుకు చిల్లు పడడానికి వీల్లేదన్నాను. అత్త నవ్వలేదు, కోప్పడలేదు. "ఎడమ దిక్కు నీ ఇష్టం, కుడి దిక్కు మిస్త్రీ ఇష్టం," అంది. అలా ఎడమకు చిల్లు లేని ఇత్తడి మర, కుడికి ఉక్కు పట్టీ పడ్డాయి.

ఆదివారం మేమిద్దరం పడవ ఎక్కుతుంటే మా దాయాదులు గట్టు మీద నిలబడ్డారు. "ఏందమ్మా, మునిగితే ఈదుకుంట వస్తరా?" అని ఒక చిన్నాన్న ఎగతాళి చేశాడు. నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

చెరువు మధ్యకు వచ్చేసరికి కుడి నుంచి గాలి హెచ్చింది. కుడి తీగ బిర్రుగా ఉంది. ఎడమ తీగ వదులై వణుకుతోంది.

"మర చూడు. ఎన్ని చుట్లు బయటికొచ్చినయ్?" అని అడిగింది అత్త.

"ఆరు."

కాసేపటికి తొమ్మిది చుట్లయ్యాయి. నేను బిగించబోయాను.

"అటు పోకు. నీ బరువుకు పడవ ఒరుగుతది."

"ఇంటికి పోదాం అత్తా."

"తిరిగితే గాలి ఎడమ దిక్కుకు మారుతది. అప్పుడు కొయ్య నీ మర మీదనే నిలబడాలె."

అత్త పడవను తిప్పలేదు. గాలిని కుడివైపే ఉంచి నేరుగా అవతలి ఒడ్డుకు పట్టింది. గట్టు మీది నవ్వులు నీటి మీదుగా వినిపిస్తున్నాయి. ప్రాణభయంలోనూ, వాళ్ల కళ్ల ముందు పారిపోతున్నామన్న సిగ్గే నన్ను ఎక్కువగా కోసింది. పడవ బురదలో ఆగాక అత్త ఎడమ తీగను వేలితో తాకింది. మర ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

తెరచాప చుట్టి భుజాన వేసుకుని చెరువు చుట్టూ నడిచి వచ్చాం. దాయాదులు ఇంకా అక్కడే ఉన్నారు. పడవేదని చిన్నాన్న అడిగాడు.

"అవతల ఉంది. మర ఎంచుడుల నాదే తప్పు," అంది అత్త.

మరునాడు అత్త వెంట బాలానగర్‌కు పోయి, ఆ మరకు చిల్లు పొడవమని నేనే మిస్త్రీని అడిగాను. కాని తప్పు నాదేనని గట్టు మీద అనవలసిన ఆ ఒక్క మాట నాలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ నా తప్పును మరొకరు తమదని చెప్పుకోనివ్వలేదు.

ఆస్తి మరింత తరగడంతో, చిల్లు పడిన ఆ మరతో సహా పడవను మరుసటి ఏడు చిన్నాన్నకే అమ్మాం.